అయ్య పేరు మీద గుండె చప్పుడు

మా అయ్య చేతికి గడియారం కట్టింది నేనే. టైము చూసుకోవడానికి కాదు. మా కొండల్లో టైము చెప్పడానికి కోడి ఉంది, పొద్దు ఉంది, ఆ రెండూ చాలకపోతే అరకు నుంచి వచ్చే జీపు ఉంది. గుండె చూసుకోవడానికి కట్టాను. అప్పటికి అమ్మ ఉంది. ఆ ఏడు కాఫీ విరగ కాసింది. ఇప్పటికీ కాఫీ పళ్ల తొక్క పులిసిన వాసన ఎక్కడ తగిలినా నాకు ఆ చలికాలమంతా గుర్తొచ్చేస్తుంది. వాసన బాగుంటుందని చెప్పను. అయినా నిలబడి పీలుస్తాను.

అరకులో వరహాలరావు గారి సెల్ షాపులో పనిచేసేదాన్ని. ఊరు పైన కొండ మీద. వారానికోసారి సెలవు రోజున ఇంటికి పోయేదాన్ని, మిగతా రోజులు షాపు వెనక గదిలో ఉండేదాన్ని. ఫోన్లు, ఇయర్ ఫోన్లు, స్మార్ట్ వాచీలు అమ్మేవాళ్లం. ఎన్ని అడుగులు నడిచారో చెబుతుంది సార్, ఎంత నిద్రపోయారో చెబుతుంది మేడమ్ అని టూరిస్టులకు గడగడా అప్పజెప్పేదాన్ని. అడుగులు లెక్కపెట్టుకోవడానికి మనిషి అంత ఖర్చు ఎందుకు పెడతాడో నాకు మాత్రం అర్థమయ్యేది కాదు. పైకి చెప్పేదాన్ని కాదులెండి, జీతం అక్కడిదే.

అయ్య పేరు గాసి. మా ఊళ్లో మోరి ఊదేది అయ్య ఒక్కడే. మోరి అంటే సన్నాయికి కొండల్లో ఉన్న తమ్ముడు. దింసా ఆటలో తుడుము, డప్పు ఎన్ని మోగినా మోరి పలికితేనే ఆడవాళ్ల అడుగు లేస్తుంది. ఊదేవాడు పాట మధ్యలో ఆగకూడదు. బుగ్గల్లో గాలి దాచుకుని, అది వదులుతూనే ముక్కుతో కొత్త గాలి పీల్చుకోవాలి. అయ్య అలా ఎంతసేపైనా ఊదేవాడు. చిన్నప్పుడు నేను అయ్యకి రెండు గుండెకాయలు ఉన్నాయనుకునేదాన్ని.

ఆ వానాకాలంలో సంత నుంచి తిరిగి వస్తుంటే ఘాట్ మలుపులో జీపు జారింది. వెనక కమ్మీ పట్టుకుని నిలబడ్డవాళ్లలో అయ్య కూడా ఉన్నాడు. జీపు ఒక పక్కకి ఒరిగి, బండరాయికి ఆనుకుని ఆగింది. ఎవరికీ గీత కూడా పడలేదు. అందరూ దిగి, జీపుని తోసి, దొర్లిపోయిన ఉల్లిపాయలు ఏరుకుని, నవ్వుకుంటూ ఇళ్లకి పోయారు. అయ్య అందరికంటే ఎక్కువ నవ్వాడట. నెల తిరిగాక మొదలైంది.

చోడి అంబలి తాగుతూ తాగుతూ గిన్నె వదిలేసేవాడు. గుండె మీద చెయ్యి పెట్టుకుని, చలిలో చెమటలు కారుతూ, "పోతన్నానే సిట్టీ" అని అమ్మని కేకేసేవాడు. కాసేపటికి తగ్గేది. మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు. ఆసుపత్రికి తీసుకెళ్తే గుండె పరీక్షలన్నీ చేశారు. డాక్టరమ్మ కాగితం చూసి, "నీ గుండె రాయిలా ఉంది గాసీ. ఇది ఆందోళన. ప్రమాదం తప్పిపోయిందని నీకు తెలుసు, నీ ఒంటికి ఇంకా తెలియలేదు" అంది. మాత్రలు రాసింది. ఊపిరి ఎలా పీల్చాలో, ఎలా వదలాలో దగ్గర కూర్చుని చూపించింది. నెలకోసారి వచ్చి మాట్లాడి వెళ్లమంది. నేను వాచీలు అమ్ముతానని విని, "కొందరికి అవి కూడా పనికొస్తున్నాయమ్మా. గుండె వేగం పెరగగానే చెబితే, ముదరక ముందే ఊపిరి సర్దుకోవచ్చు. మాత్రలు మాత్రం మానకూడదు" అంది.

నేను రోజూ అమ్మే సరుకు గురించి ఒక మంచి మాట నాకు వేరొకరు చెప్పడం అదే మొదటిసారి.

షాపుకొచ్చి డిస్‌ప్లేలో ఉన్న నల్ల వాచీ తీస్తుంటే వరహాలరావు గారు కళ్లజోడు పైకి తోశారు. ఆయనది విజయనగరం వైపు. 

"ఏటే గుంటా, నీకేటి?"

"మా అయ్యకండి."

"గాసికి వాచీయా? మోరి ఊదేవోడికి వాచీ దేనికే?"

"మోరి ఊదడం లేదండి. అందుకే."

ఆయన వాచీ నా చేతిలోంచి తీసుకున్నారు. మంచి బెల్టు వెతికి తనే మార్చి, "నల్లది సెమటకి పాడవదు. ఇది పట్టుకెళ్లు" అన్నారు. మనిషి కసురుకుంటాడు గానీ లోపల వెన్న.

నేను ఇంటికి వెళ్లేసరికి వాకిట్లో టార్పాలిన్ మీద కాఫీ పళ్లు పోసి ఉన్నాయి. అమ్మ తాలు ఏరుతోంది. అయ్య అరుగు మీద దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. కాఫీ కాలంలో అయ్య అలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. తోటకి ఒక్కడే పోవాలంటే భయం. సిల్వర్ ఓక్ చెట్ల మధ్య ఒంటరిగా ఉన్నప్పుడు వస్తే ఎలా అని. అమ్మే పొద్దున్న తోటకెళ్లి కోసుకొచ్చి, మధ్యాహ్నం ఎండబెట్టి, సాయంత్రం నీళ్లు మోసేది. గోడకి మోరి వేలాడుతోంది. దాని ఇత్తడి మూతికి సాలీడు గూడు కట్టేసింది.

పక్కన సుక్రు మావ ఉన్నాడు. మా ఊరి దిసారి ఆయన. మంచిరోజులు చూసేది, పండగ పెట్టేది, జబ్బు చేసినవాళ్ల చేతికి తాడు కట్టేది ఆయనే. ఆటలో తుడుము కొట్టేది కూడా ఆయనే. అప్పటికే అయ్య ఎడమ చేతికి వేరు ముక్క చుట్టిన తాడు కట్టేశాడు. నేను కుడి చేతికి వాచీ కట్టాను. సుక్రు మావ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీనికి తిండి ఏటి పెడతావు?"

"చార్జింగ్ పెట్టాలి మావా."

"నా తాడుకి సార్జింగ్ అక్కర్నేదు" అని మీసాల్లో నవ్వాడు.

అమ్మ చేటలోంచి తల ఎత్తకుండానే, "రెండూ ఉండనీ. ఒకటి పడుకుంటే ఇంకోటి కాత్తాది" అంది. మా అమ్మ అంతే. దేవుడికీ డాక్టరుకీ ఒకే పీట వేసేది.

సుక్రు మావ పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి, మోరి వంక చూశాడు. "గాసీ, పుష్య పండక్కి ఊదుతావా?"

"సూద్దాం" అన్నాడు అయ్య. ఆ 'సూద్దాం' అనే మాట కూడా దుప్పటి కప్పుకునే ఉంది.

ఆ మధ్యాహ్నమే వచ్చింది. అయ్య కాఫీ పళ్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. చేత్తో పళ్లు పరుస్తున్నాడు. ఉన్నట్టుండి ఎగిరిపడి చెయ్యి విదిలించాడు.

"ఏదో కుట్టిందే! గొంగళి పురుగు!"

పురుగు కాదు, వాచీ. జుయ్‌మంటోంది. నేను చూసేసరికి అయ్య పెదాలు తెల్లబడుతున్నాయి. వేళ్లు చల్లగా ఉన్నాయి. వాచీ మీద ఒక నీలం గుండ్రం. అది పెద్దదవుతుంటే పీల్చాలి, చిన్నదవుతుంటే వదలాలి. "అయ్యా, ఇటు చూడు. దీనితో పాటు పీల్చు" అన్నాను. అమ్మ వచ్చి అయ్య వెనక కూర్చుని, తన ఒళ్లు అయ్య వీపుకి ఆనించింది. గుండ్రం పెద్దదైంది, చిన్నదైంది. అయ్య మొదట తడబడ్డాడు. తర్వాత అందుకున్నాడు. అమ్మ కూడా తెలియకుండానే పీల్చి వదులుతోంది. నేనూ అంతే. ముగ్గురం కాఫీ పళ్ల మధ్య కూర్చుని ఊపిరి పీల్చుకోవడం కొత్తగా నేర్చుకుంటున్నాం.

కాసేపటికి అయ్య, "ఎల్లిపోయిందే" అన్నాడు. చుట్టం వెళ్లిపోయినట్టు చెప్పాడు. ముదరకుండా వెళ్లిపోవడం అదే మొదటిసారి. అమ్మ లోపలికి వెళ్లి ఏడ్చింది. మాకు వినబడేటట్టే ఏడ్చింది.

అరకు వెళ్లే ముందు నేను ఒక తెలివైన పని చేశాను. అయ్య ఫోన్‌ని నా ఫోన్‌తో కలిపాను. అయ్య గుండె వేగం నాకు షాపులో కనిపిస్తుంది. నూట ఇరవై దాటితే నా ఫోన్ గంట కొడుతుంది. అంత తెలివి నాకు ఎందుకొచ్చిందో!

మా ఊళ్లో సిగ్నల్ బడి దగ్గర వస్తుంది, మా ఇంటి దగ్గరైతే ఒక్క పనసచెట్టు కిందే వస్తుంది. కాఫీ ఎండబెట్టేది కూడా ఆ చెట్టు దగ్గరే. కాబట్టి పగలంతా అయ్య అంకెలు నా చేతిలో ఉండేవి. ఇక షాపులో నేను చేసే పని ఒక్కటే. తొంభై, తొంభై ఆరు, నూట నాలుగు. వెంటనే ఫోన్ చేసేదాన్ని.

"అయ్యా, పెరుగుతోంది. కూర్చో."

"కూకునే ఉన్నానే. మేక తోటలోకి పోతే లేసినాను."

"ఊపిరి పీల్చు."

"పీల్చకపోతే నీతో ఎలగ మాటాడతన్నాను?"

ఒకసారి నూట పదహారు. "ఏమైంది అయ్యా?" అని అరిచాను. "పచ్చిమిరపకాయ కొరికినాను" అన్నాడు. ఇంకోసారి ఫోన్ ఎత్తలేదు. ఎత్తేదాకా చేస్తూనే ఉన్నాను. ఆ హడావిడిలో విశాఖ నుంచి వచ్చిన ఒకాయన ఫోన్‌కి గ్లాసు తలకిందులుగా అతికించాను. ఆయన ఫోన్‌ని, నన్ను మార్చి మార్చి చూసి వెళ్లిపోయాడు.

వరహాలరావు గారు సాయంత్రం షట్టరు దించుతూ, "అమ్మీ, వాచీ కట్టింది మీ అయ్యకి. అదురుతున్నది నీకు" అన్నారు. నాకు కోపం వచ్చింది. నిజం చెప్పేవాళ్ల మీద నాకు కోపం బేగి వస్తుంది.

తర్వాత ఏమైందో ఏమో, అంకెలు దారికొచ్చాయి. డెబ్బై రెండు, డెబ్బై, డెబ్బై నాలుగు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గీత చదునుగా పోయేది. సాయంత్రం నీళ్లు తెచ్చే వేళకు కొంచెం లేచి, మళ్లీ పడుకునేది. నా ఆనందం ఇంతా అంతా కాదు. వాచీ కొనడానికి వచ్చినవాళ్లకి అయ్య గీత చూపించి, "మా అయ్యకి ఆందోళన జబ్బండి. ఇది కట్టాక చూడండి" అని అమ్మేశాను. నిజం చెప్పి సరుకు అమ్ముతున్నానని మనసులో మురిసిపోయాను కూడా. మా అయ్య నీళ్లు ఎప్పటినుంచి మోస్తున్నాడని మాత్రం నాకు అనుమానం రాలేదు.

ఫోన్ చేస్తే అమ్మే ఎత్తేది. "నంబర్ బాగుంది కదమ్మా?" అంటే, "బాగుంది, బాగుంది" అనేది. వెనకాల కాఫీ గింజలు చేత్తో తిరగేస్తున్న గలగల వినబడేది. సెలవు రోజున ఇంటికెళ్తే వాచీ అయ్య చేతికే ఉండేది. ఆ రోజు మాత్రం అంకె కాస్త ఎక్కువ చూపించేది. కూతుర్ని చూసిన సంతోషం అనుకునేదాన్ని. దారి పొడుగునా వలిసె పూలు పసుపు ఆరబోసినట్టు ఉండేవి. అయ్య చిక్కాడు గానీ, కళ్లు మునుపటిలా అయ్యాయి. తోటకి వెళ్తున్నానని చెప్పాడు. గోడ మీద మోరి లేదు. "ఏదీ?" అంటే, "పెట్టిలో పెట్టీసినాను, ఎలకలు కొరికేత్తన్నాయి" అంది అమ్మ. నా మనసు చివుక్కుమంది. మోరి పెట్టెలోకి పోయిందంటే ఇక బయటికి రాదనుకున్నాను.

పండగ దగ్గరపడ్డ సంత రోజున సుక్రు మావ మా షాపుకొచ్చాడు. అద్దాల వెనక ఉన్న ఫోన్లని చూసి చూసి, చివరికి అసలు మాట తీశాడు.

"మీ అయ్య ఏటీ సెప్పడే. ఊదుతావేటి అంటే సూద్దాం అంటాడు. ఊరోళ్లు హుకుంపేట వైపు నుంచి ఇంకో మోరోడ్ని పిలుద్దాం అంటన్నారు."

"పిలవండి మావా. పండగ ఆగకూడదు కదా."

"పిలిత్తే మీ అయ్య మరి మోరి ముట్టడు. నా ఎరికలో అలాగయినోడు ఒకడున్నాడు." తలగుడ్డ సర్దుకుని, "పండగనాడు పొద్దున్న దాకా పిలవను. తప్పు నా మీద ఏత్తారు, ఏసుకోనీ" అన్నాడు.

ఆ రాత్రి అయ్యకి ఫోన్‌లో ఆ మాట చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెబితే అంకె పెరుగుతుందని చెప్పలేదు.

పుష్య పండగ నాడు అరకు నిండా టూరిస్టులు. సాయంత్రం దాకా సెలవు దొరకలేదు. మధ్యాహ్నం ఒకామెకి చార్జర్ చూపిస్తుంటే నా జేబులో ఫోన్ గంట కొట్టింది. అయ్య పేరు. పక్కన నూట ఇరవై ఎనిమిది. చూస్తుండగానే నూట ముప్పై ఆరు, నూట నలభై ఒకటి. ఫోన్ చేశాను. ఎత్తలేదు. అమ్మా ఎత్తలేదు, అయ్యా ఎత్తలేదు. అంకె దిగడం లేదు. ఏం జరిగిందో నాకు తెలిసిపోయినట్టే అనిపించింది. పొద్దున్న ఊరోళ్లు వేరే మోరివాణ్ణి పిలిచి ఉంటారు. అయ్య ఆ పాట విని ఎక్కడో ఒక్కడే కూలబడి ఉంటాడు.

వరహాలరావు గారు నా మొహం చూసి, "ఎల్లు, బేగెల్లు" అన్నారు.

జీపు నిండి ఉంది. వెనక కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. ఆ మలుపు వచ్చింది. బండరాయి అక్కడే ఉంది, జీపు రాసిన పెయింటు గీత దాని మీద ఇంకా ఉంది. నా చేతులు చెమటతో కమ్మీ మీద జారుతున్నాయి. ఊపిరి అందడం లేదు. చచ్చిపోతాననిపించింది. అయ్య ఇన్నాళ్లూ చెబుతున్నది ఇదా అని అప్పుడు తెలిసింది. ఫోన్ వంక చూశాను. మలుపు దాటాక సిగ్నల్ ఉండదు. చివరి అంకె దగ్గరే ఆగిపోయి ఉంది.

ఊరి మొదట్లో దిగి పరుగెత్తాను. ముందు తుడుము వినబడింది. తర్వాత మోరి.

వేరేవాళ్లు ఊదితే నాకు తెలుస్తుంది. ఇది వేరేవాళ్లది కాదు. పాట ఎక్కడ మెలిక తిరుగుతుందో, ఎక్కడ చిన్నగా నవ్వుతుందో నేను పుట్టినప్పటినుంచీ విన్నదే.

బడి ముందర మైదానంలో జనం. మధ్యలో అయ్య. బుగ్గలు ఉబ్బి, కళ్లు మూసుకుని, మోరి ఆకాశానికెత్తి ఊదుతున్నాడు. కుడి చేతికి ఏమీ లేదు. ఎడమ చేతికి సుక్రు మావ తాడు ఉంది. చుట్టూ ఆడవాళ్లు వరసగా, ఒకరి నడుము వెనక నుంచి ఒకరు చేతులు పెనవేసుకుని అడుగు వేస్తున్నారు. ఆ వరస తిరిగి నా వైపు వీపులు వచ్చాయి. పక్కామె నడుము మీద ఒక చెయ్యి. ఆ చేతికి నల్ల వాచీ. ఆ చెయ్యి మా అమ్మది.

పాట ఆగాక అమ్మ చెమట తుడుచుకుంటూ నన్ను చూసి, "ఓలమ్మ, రత్నా! సాయంత్రం కదా వత్తానన్నావు?" అంది. దొంగ దొరికిపోయినట్టు చెయ్యి కొంగులో దాచుకుంది, నడుముకి దోపిన అయ్య ఫోన్ మాత్రం దాగలేదు.

"అమ్మా, అది నీ చేతికి ఎప్పటినుంచి ఉంది?"

అమ్మ అయ్య వంక చూసింది. అయ్య మోరి పీక తుడిచిందే తుడిచాడు.

"నువ్వు అరవకూడదు మరి" అన్నాడు. "ముందు అది జుయ్ అనేది, తరవాత నాకు తెలిసేది. కొన్నాళ్లకి రెండూ ఒక్కసారే. ఇప్పుడు దానికంటే ముందు నాకే తెలుత్తంది. అప్పుడు ఆ నీలం గుండ్రం కళ్లు మూసుకుని తలుసుకుంటాను. అది నేర్పిందే. నేర్సుకున్నాక..."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు ఫోన్ సేత్తావు కదేటి! నంబర్ కొంచెం లేత్తే సాలు, ఫోన్ మోగేది. ఆ ఫోన్ మోత వింటే నా గుండె జారిపోయేది. అందుకని తోటకెళ్లేటప్పుడు మీ అమ్మకి కట్టీసి పోయేవోణ్ని. నీకు నంబర్ కావాలి. మీ అమ్మ నంబర్ మంచిది."

"అమ్మా, నువ్వు కూడానా? బాగుంది బాగుంది అన్నావు!"

"నంబర్ బాగుందా అన్నావు. బాగుంది అన్నాను. అబద్దం ఎక్కడాడినాను?" అంది అమ్మ.

మోరి పెట్టెలో లేదు. కాఫీ బుట్టలో ఆకుల కింద దాచుకుని అయ్య రోజూ తోటకి పట్టుకెళ్లేవాడట. మొదట్లో ఊపిరి అందక, చెట్టు పట్టుకుని కూలబడిపోయేవాడట. లేచి మళ్లీ ఊదేవాడట. మాత్రలు మాత్రం ఒక్క పూట కూడా మానలేదని అమ్మ ఒట్టేసి చెప్పింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే అందరూ ఎదురుచూస్తారు, ఎదురుచూస్తే మళ్లీ భయమేస్తుంది. ఆ పొద్దున్న సుక్రు మావ గుమ్మంలోకి వచ్చి నిలబడితే, అయ్య మోరి చంకన పెట్టుకుని ఆయన ముందు నడిచాడట.

నాకు కోపం, నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి. ముందు ఏడుపే బయటికి వచ్చింది. ఊపిరి ఇంకా అందడం లేదు. అమ్మ తన చేతి వాచీ విప్పి నా చేతికి కట్టింది. కట్టిన కాసేపటికే అది జుయ్‌మంది. చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమని నవ్వారు. సుక్రు మావ అందరికంటే గట్టిగా నవ్వాడు. "తాడు కూడా కట్టమంటావేటే?" అన్నాడు.

నీలం గుండ్రం పెద్దదవుతోంది. అయ్య నా పక్కకొచ్చి కూర్చుని, "పీల్చు" అన్నాడు. "కంగారు పడకు. ఎల్లిపోద్ది. నాకు తెలుసు."

ఆ సాయంత్రం అయ్య మళ్లీ మోరి అందుకున్నాడు. అమ్మ నన్ను వరసలోకి లాగింది. నా చెయ్యి అమ్మ నడుము వెనక ఉంది. ఆ చేతి కింద అమ్మ ఊపిరి తెలుస్తూనే ఉంది. ఆ రోజుకంటే నేను ఎక్కువ సంతోషంగా ఉన్న రోజు ఇంతవరకూ రాలేదు. ఇది గొప్పకి చెప్పడం లేదు.

ఇదంతా అయి కొన్నేళ్లయింది. వరహాలరావు గారు ఊరెళ్లిపోయారు, షాపు నేనే నడుపుతున్నాను. అమ్మ రెండేళ్ల క్రితం వానల్లో జ్వరం వచ్చి పోయింది. అయ్యకి ఆ జబ్బు తిరగబెట్టింది. మళ్లీ డాక్టరమ్మ, మళ్లీ మాత్రలు. నేను కొత్త వాచీ కట్టాను, ఈసారి నా ఫోన్‌తో కలపలేదు. పండక్కి మోరి మాత్రం మానలేదు. సంత రోజున జీపులో ముందు సీటు అడిగి కూర్చుని వస్తాడు. మా షాపులో స్టూలు మీద కూర్చుని టీ తాగుతాడు.

నాలుగు నెలల క్రితం అలా కూర్చునే ఉండగా అయ్య వాచీ జుయ్‌మంది. టీ గ్లాసు కింద పెట్టి నా వైపు తిరిగాడు.

"రత్నా, పాత గీతలు నీ ఫోన్‌లో ఉన్నాయేటి? మీ అమ్మయి?"

నేను ఫోన్లు మార్చాను గానీ, అవి ఎక్కడికీ పోలేదు. అయ్య పేరు మీదే ఉన్నాయి. పేరు గాసి, లోపల గుండె చిట్టిది. పండగ రోజు తీసి ఇచ్చాను. గీత కొండల వరసలా లేచి ఉంది. అయ్య చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఆట రోజుది కాదు. అంతకు ముందుది పెట్టు. ఉత్తి రోజుది."

వెనక్కి జరిపాను. డెబ్బై రెండు, డెబ్బై, డెబ్బై నాలుగు. చదునైన గీత. అయ్య దాని మీద బొటనవేలు పెట్టి, నెమ్మదిగా ఎడమ నుంచి కుడికి నడిపించాడు. నడిపిస్తూ పీల్చాడు, నడిపిస్తూ వదిలాడు. చేతి వాచీ ఊరుకుంది. అయినా వేలు తీయలేదు.

"ఇదిగో, ఇక్కడ నీళ్లకెల్లింది" అన్నాడు. ఇంకొంచెం వెనక్కి వచ్చి, "ఇక్కడ ఎండబెడతంది."

అప్పటినుంచి సంత రోజున వచ్చినప్పుడల్లా అడుగుతాడు. వాచీ మోగినా అడుగుతాడు, మోగకపోయినా అడుగుతాడు. మొన్న బేరం మీద ఉండగా అడిగితే, ఫోన్ అయ్య చేతికి ఇచ్చేశాను. బిల్లు కట్టడానికి నిలబడ్డామె, "డబ్బులేసే స్కానర్ ఆ ఫోన్‌లోనే కదమ్మా, బేగి కానీ" అంది.

"కాసేపాగండి" అన్నాను. "మా అమ్మ కాఫీ తిరగేస్తోంది."